బెల్టు వదులైన పాట

(రాజోలు వైపు ఒక గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. ఫోనులో రికార్డు చేసినదాన్ని విని రాశాం. మధ్యలో వినిపించిన పాటలు ఇక్కడ లేవు, ఎక్కడ వినిపించారో మాత్రం పెట్టాం.)

అందరికీ నమస్కారమండి. మైకు పనిచేస్తోందా? వెనక బెంచీల వాళ్ళకి వినబడుతోందాండీ? ఈ యాంప్లిఫయరు రెండుసార్లు నేనే బాగుచేశాను, వినబడకపోతే తప్పు నాదే అవుతుంది, కాస్త చెయ్యెత్తండి. సరే.

లైబ్రరీ మాస్టారు వచ్చి "మీ శనివారం ప్రోగ్రాం గురించి ఓ గంట మాట్లాడండి" అంటే నేను వెంటనే ఒప్పుకోలేదు. రేడియోలో మాట్లాడడం వేరు. అక్కడ గదిలో ఒక్కణ్ణే ఉంటాను, ఎదురుగా అద్దం, అద్దం అవతల కుర్రాడు ఫోను చూసుకుంటూ ఉంటాడు, ఎవరు వింటున్నారో ఎవరు కట్టేశారో నాకు తెలీదు. ఇక్కడ ఎవరు ఆవలిస్తున్నారో కనబడుతోంది. (నవ్వులు)

నన్ను ఎరగనివాళ్ళు కొందరున్నారు కాబట్టి చెబుతాను. నాది రేడియోలు, టీవీలు బాగుచేసే షాపు. ఇప్పుడు రేడియో ఎవరూ తేవడం లేదు, టీవీ పాడైతే కొత్తది కొనేస్తున్నారు, అంచేత మిక్సీలు, ఇన్వర్టర్లు, రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ల స్టార్టర్లు, ఇవీ నా బతుకుతెరువు. వారానికి ఒక రాత్రి, శనివారం తొమ్మిది నుంచి పది దాకా, మన కమ్యూనిటీ రేడియోలో బ్లూస్ పాటలు వేస్తాను. 2018లో మొదలుపెట్టాను. డబ్బులేమీ ఇవ్వరు. టీ ఇస్తారు.

కమ్యూనిటీ రేడియో అంటే ఎంత అనుకుంటున్నారు? 100 వాట్లండి, అంతే. టవరు 30 మీటర్లు దాటకూడదని రూలు. ఎఫ్ఎం తరంగం ఇంచుమించు చూపు ఆనినంత దూరమే పోతుంది. మనకి కొండల్లేవు, అది అదృష్టం. కొబ్బరిచెట్లున్నాయి, అది మా ఖర్మ. పది పన్నెండు కిలోమీటర్లు దాటితే గరగర. గోదావరి అవతల యలమంచిలి వైపు కొన్ని ఊళ్ళలో డాబా ఎక్కితే వస్తుంది, కిందికి దిగితే రాదు. ఒకాయన నా ప్రోగ్రాం కోసం శనివారం రాత్రి మంచం డాబా మీద వేసుకుంటానని చెప్పారు. ఎండాకాలంలో చెప్పారు లెండి, అది నా కోసమో ఉక్క కోసమో నేను అడగలేదు.

పేరుతోనే పేచీ వచ్చింది మొదట్లో. బ్లూ అనగానే మనవాళ్ళ బుర్ర ఎటు పోతుందో చెప్పక్కర్లేదు కదా. "శనివారం రాత్రి తొమ్మిదింటికి బ్లూస్" అని ప్రకటన చదివితే స్టేషన్‌కి ఒక పెద్దాయన ఫోన్ చేసి "ఆడపిల్లలున్న ఇళ్ళండీ మావి" అన్నారు. ఆయనకి నేనే స్వయంగా చెప్పుకోవాల్సి వచ్చింది. ఇంగ్లీషులో బ్లూ అంటే దిగులు అని కూడా అర్థముందండీ, ఇవి అమెరికాలో నల్లవాళ్ళు పుట్టించిన పాటలు, బానిసత్వం పేరుకి పోయినా పొలంలో కౌలు అప్పు తీరని రోజుల్లో పుట్టినవి అని. ఆయన అంతా విని "అయితే ఏడుపు పాటలా" అన్నారు. అప్పట్నుంచి మా ఊళ్ళో దానికి ఏడుపు ప్రోగ్రాం అనే పేరు ఖాయమైపోయింది. నిజానికి వాటిల్లో సగం పాటలు నవ్వించేవే, కానీ పేరంటూ పడ్డాక మార్చలేం కదండి.

ఈ పాటలు నాకెలా తగులుకున్నాయో అది చెప్పాలి ముందు.

1990లో ఇరాక్ వాళ్ళు కువైట్ మీద పడ్డప్పుడు మనవాళ్ళు చాలామంది కట్టుబట్టలతో వచ్చేశారు, గుర్తుందాండి. అప్పటికి నేను మా గురువుగారి షాపులో ఉన్నాను. అలా వచ్చినాయనే ఒకాయన, చేతిలో సంచీ, భుజాన రేడియో, టేపు రెండూ ఉన్న ఒక జపాను టూ-ఇన్-వన్. "పాట సాగుతోంది, చూడండి" అని ఇచ్చి వెళ్ళాడు. పాట సాగడం అంటే ఏమిటో టేపులు వాడినవాళ్ళకి తెలుసు. లోపల బెల్టు వదులైతే టేపు సరిగ్గా నడవదు. సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడవాలి అది, ఏ దేశంలో చేసిన క్యాసెట్టయినా అంతే. అది తగ్గితే గొంతు బరువెక్కుతుంది, ఒకసారి తగ్గి ఒకసారి పెరిగితే పాట ఊగుతుంది. సరే, బెల్టు మార్చాను, స్పిరిట్ పెట్టి హెడ్ తుడిచాను, పించ్ రోలర్ మీద పేరుకున్న గోధుమరంగు మడ్డి గీకాను, అందులోనే ఉన్న క్యాసెట్టు ఆడించాను.

ఊగుతోందండి! ఒక గిటారు. ఒక మగగొంతు. మాటల్లేవు. ఊఁ... అంటాడు, గిటారు కూడా అలాగే మూలుగుతుంది, స్వరం ఒకచోట నిలవదు, జారుతుంది, జారి మళ్ళీ పైకి పాకుతుంది. నేను మళ్ళీ విప్పాను. ఇంకో బెల్టు వేశాను. మోటారు వెనక చిన్న మర ఉంటుంది, స్పీడు సరిచేసేది, దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి ఓ పూటంతా దాంతోనే సరిపోయింది. గురువుగారు మధ్యాహ్నం కునుకు తీసి లేచి వచ్చి, కాసేపు చూసి, "ఒరేయ్, వేరే క్యాసెట్టు పెట్టి చూశావా" అన్నారు. సుప్రభాతం పెట్టాను. గీత గీసినట్టు సూటిగా పాడింది. ఆ క్యాసెట్టు తీసి షాపులో ఉన్న ఇంకో టేపులో పెట్టాను. మళ్ళీ అదే ఊగు. "మిషను బాగానే ఉందిరా, పాటే అలా ఉంది" అన్నారాయన.

ఈ ముప్ఫై అయిదేళ్ళలో నేను బ్లూస్ గురించి దొరికినవన్నీ చదివాను, ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదు నాకు.

తర్వాత ఒక ఇంగ్లీషు లెక్చరర్ గారు ఎమర్జెన్సీ లైటు పట్టుకొచ్చి, షాపులో ఆ పాట విని "ఇది బ్లూసోయ్, దీన్ని స్లయిడ్ అంటారు" అన్నారు. సీసా మెడ కోసి వేలికి తొడుక్కుంటారు, లేకపోతే చాకు తిరగేసి తీగ మీద జరుపుతారు. డబ్ల్యూ.సి. హ్యాండీ అని బ్యాండు నడిపిన ఆయన 1903 ప్రాంతంలో మిసిసిపీ రాష్ట్రంలో టట్‌విలర్ అనే రైల్వేస్టేషన్లో రైలు కోసం కూర్చుని ఉంటే, పక్కన చిరుగుల బట్టల్లో ఒక మనిషి చాకుతో గిటారు వాయించడం విన్నాడట. అంతకుముందు అలాంటి చప్పుడే వినలేదని రాసుకున్నాడు. రైలు ఆలస్యమవడం వల్ల ఒక్కోసారి మంచే జరుగుతుందండి. మన గోటువాద్యం విన్నవాళ్ళకి మరీ కొత్తగా ఉండదు, అదీ కొయ్యబిళ్ళతో జరిపేదే.

ఆ ఊగు సంగతి నాకు బోధపరిచింది మాత్రం మా పక్కూరి నాదస్వరం మాస్టారు. సరిగమల్లో 'గ' ఉంది కదా, దాంట్లో కింది మెట్టు సాధారణ గాంధారం, పై మెట్టు అంతర గాంధారం, మీ పాటగాడు ఆ రెండింటి మధ్యన ఎక్కడో కూర్చుంటున్నాడు, ఉండీ ఉండీ కదుపుతున్నాడు అన్నారు. పాశ్చాత్యులు ఆ స్వరానికి బ్లూ నోట్ అని పేరు పెట్టుకున్నారు. పియానో మీద ఆ రెండు మెట్ల మధ్య జాగా లేదు, అందుకని పియానోవాళ్ళు రెండు మెట్లూ కలిపి నొక్కి ఆ చప్పుడు తెప్పిస్తారు. ఇది స్వరాన్ని ఊపే మన గమకమే అనడం మాత్రం ఆయనకి నచ్చదు. "దగ్గర బంధువు, ఇంటిపేరు వేరు" అంటారు.

ఇక ప్రోగ్రాం సంగతి. మొదటి శనివారం నేను ఎంత సిద్ధపడి వెళ్ళానంటే పద్దెనిమిది కాగితాలు రాసుకున్నాను. పత్తి చేల దగ్గర మొదలుపెట్టి, అంతర్యుద్ధం, కౌలు పద్ధతి, రైళ్ళు, షికాగో, అన్నీ చెప్పేశాను. గంటలో ముప్ఫై అయిదు నిమిషాలు నేనే మాట్లాడాను, అయిదో ఆరో పాటలు పడ్డాయి. పది గంటలకి బయటికొస్తే ఒక ఫోను కాచుకుని ఉంది. సఖినేటిపల్లి రేవులో జనాన్ని గోదారి దాటించే పంటు మీద పనిచేసే కుర్రాడు. "బాబాయ్ గారూ, మీరు పాటలు పెడతారా, పాఠం చెబుతారా?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఇంటికెళ్ళి రికార్డింగు వింటే నాకే నిద్రొచ్చింది. (నవ్వులు)

అప్పట్నుంచి లెక్క పెట్టుకున్నాను. పాత రికార్డు, పది అంగుళాలది, ఒక పక్కన పట్టేది మూడు నిమిషాలే. అందుకని అప్పటి పాటలన్నీ మూడు నిమిషాల దగ్గర ఆగుతాయి. గంటకి పదమూడు పాటలు, నా మాట పది నిమిషాలు మించకూడదు, మిగతాది ఊళ్ళో ప్రకటనలు. ఒక్క పాటకి మాత్రం, వారానికి ఒక్కదానికే, మాటమాటకీ అర్థం చెబుతాను. మిగతావి అలా వదిలేస్తాను.

"సంగీతానికి భాష అక్కర్లేదండీ" అని చాలామంది అంటారు, సన్మానాల్లో మరీ అంటారు. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. ఎందుకో ఒకటి చెబుతాను. బెస్సీ స్మిత్ అని 1920లలో పెద్ద గాయని. అసలు బ్లూస్ రికార్డుల్లో ముందొచ్చింది ఆడవాళ్ళే, 1920లో మేమీ స్మిత్ పాడిన రికార్డు విపరీతంగా అమ్ముడుపోయాకే కంపెనీలు కళ్ళు తెరిచాయి, గిటారు పట్టుకున్న మగవాళ్ళ వంతు తర్వాత వచ్చింది. ఈ బెస్సీ స్మిత్ 1928లో చాకలిపని చేసే ఆడమనిషి పాట ఒకటి పాడింది. పొద్దస్తమానం పరాయివాళ్ళ బట్టలు ఉతుకుతూ, ఇంతకన్నా తెల్లవాళ్ళింట్లో వంటపనైనా నయం, కడుపునిండా తినొచ్చు, ఒళ్ళు ఇంతగా హూనమవదు అనుకుంటుంది. ఇది చెప్పి పాట వేశాను.

మన లంకల్లో ఒక పెద్దావిడ ఉన్నారు, కూతురు కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది. శనివారం రాత్రి తొమ్మిదంటే అక్కడ ఆరున్నర. పిల్ల వీడియో కాల్ చేస్తుంది, ఈవిడ ఫోను తీసుకెళ్ళి రేడియో ముందు బియ్యం డబ్బాకి ఆనించి పెడుతుంది, ఇద్దరూ కలిసి వింటారు. 100 వాట్ల రేడియో కువైట్ దాకా పోతోందని మా స్టేషన్ వాళ్ళు ఊరంతా చెప్పుకున్నారు. ఆ రాత్రి ఆ అమ్మాయి నాకు వాయిస్ మెసేజ్ పెట్టింది. వెనకాల గిన్నెల చప్పుడు, నవ్వుతోంది. "అంకుల్, వంటపని సుఖమనుకుంటోందా ఆవిడ! ఒక్క రంజాన్ నెల ఇక్కడికి రమ్మనండి, తెలుస్తుంది." మర్నాటి వారం ఆ మెసేజ్ వేసి, వెంటనే మళ్ళీ అదే పాట వేశాను. 1928లో పాడినావిడకి తొంభై ఏళ్ళు దాటాక మన గోదారి పిల్ల జవాబు చెప్పింది. అర్థం చెప్పకుండా ఊరికే పాట వేసి ఉంటే ఈ జవాబు వచ్చేదా? గొంతు బాగుంది అనేవారు, అంతటితో అయిపోయేది.

జవాబు అన్నాను కాబట్టి పాట కట్టుబడి కూడా చెప్పేస్తాను. చాలా బ్లూస్ పాటల్లో మూడు పాదాలుంటాయి. మొదటిది అంటాడు. అదే మళ్ళీ అంటాడు. మూడోది దానికి జవాబు. ప్రతి పాదమూ నాలుగు బార్లు, అందులో సగం గొంతు పాడితే మిగతా సగం గిటారు మాట్లాడుతుంది. మూడు నాలుగులు పన్నెండు బార్లు, బారుకి నాలుగు దెబ్బలు, మొత్తం నలభై ఎనిమిది. మృదంగం నేర్చుకునే పిల్లాడొకడు మా షాపులో వేళ్ళు లెక్కపెట్టి "ఆరు ఆది తాళం ఆవర్తనాలండీ" అన్నాడు. లెక్కకి సరిపోయింది, నడక మాత్రం వేరు. తెలుగులో ఎలా ఉంటుందో రుచి చూపించడానికి నేనే ఒకటి కట్టాను, కవిగార్లు క్షమించాలి.

మబ్బేసింది మాయమ్మా, గట్టు మీద ఎవరూ లేరు
మబ్బేసింది మాయమ్మా, గట్టు మీద ఎవరూ లేరు
పంటేమో అవతలి ఒడ్డున, కేకేస్తే పలకరు

(చప్పట్లు) ఆగండాగండి. రెండోసారి అదే ఎందుకు అనాలి? మొదటిసారి సమాచారం. రెండోసారికి మీరు ఆలోచనలో పడతారు. పంటు లేదా, రాత్రి ఇక్కడే ఉండిపోవాలా అని మీ మనసు ముందుకెళ్తుంది, అప్పుడు మూడోది పడుతుంది. పాడేవాడికీ అందులో సౌకర్యం ఉంది, రెండోసారి అంటున్నంతసేపు మూడో పాదం వెతుక్కోవచ్చు. (నవ్వులు) మా మేనత్త పోరు పెట్టేటప్పుడు ఇలాగే మాట్లాడేది. అన్నదే రెండుసార్లు అని, మూడోది వాత పెట్టినట్టు పెట్టేది.

(ఇక్కడ మిసిసిపీ బ్లూస్ గాయకుడు చార్లీ పాటన్ 1929 నాటి వరద పాట వినిపించారు.)

విన్నారా, గిటారు చెక్క మీద అరచేత్తో కొడుతున్నాడు. మాటలు అమెరికావాళ్ళకే సరిగ్గా తెలియవు, కంగారు పడకండి. ఇది 1927 వరద మీద పాట. ఏప్రిల్ 21న మౌండ్స్ లాండింగ్ అనే చోట మిసిసిపీ నది గట్టు తెగింది. వాళ్ళూ దాన్ని డెల్టా అనే అంటారు గానీ నిజానికి నది సముద్రంలో కలిసే చోటు కాదది, మిసిసిపీకీ యాజూ అనే ఇంకో నదికీ మధ్యనున్న పల్లపు భూమి. అసలు డెల్టా మనది. కానీ ఒండ్రుమట్టి అదే, గట్టు భయం అదే. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోతాను, అక్కడా నీళ్ళే అంటాడు. మెరక ప్రాంతానికి పోదామంటే అడ్డం పడుతున్నారు అని ఒక మాట అంటాడు. అది కవిత్వం కాదు. గ్రీన్‌విల్ అనే ఊళ్ళో నల్లవాళ్ళని గట్టు మీదే శిబిరాల్లో పెట్టి, తుపాకులతో కాపలా కాసి, కదలనివ్వకుండా పనిచేయించారు. వాళ్ళు పడవెక్కి వెళ్ళిపోతే మళ్ళీ పత్తి ఎవరు తీస్తారని భూస్వాముల బెంగ.

మన కష్టమూ వాళ్ళ కష్టమూ ఒకటేనని మాత్రం నేను అనను. మనల్ని ఎవరూ అలా గట్టు మీద కాపలా పెట్టలేదు. కానీ 1986 ఆగస్టు గోదావరి వరద చూసినవాళ్ళు ఇక్కడ ఉన్నారు, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. నాకు పదిహేడేళ్ళు. నీళ్ళు తీశాక లంకల నుంచి మా గురువుగారి షాపుకి రేడియోలు బస్తాల్లో వచ్చాయి. మూత విప్పితే కండెన్సర్ రేకుల మధ్య ఒండ్రు పట్టేసి, ఎండి, పలక కట్టేసి ఉండేది. స్టేషను తిప్పే చక్రం తిరిగేది కాదు. మంచినీళ్ళతో కడగడం, ఎండలో పెట్టడం, పెయింట్ బ్రష్షుతో రేకు రేకు మధ్య స్పిరిట్ పట్టించడం, నెలన్నర అదే పని నాది. ఒక రేడియోలో చిన్న చేపపిల్ల ఎండిపోయి దొరికింది. సెట్టు బాగై మొదటిసారి విజయవాడ స్టేషన్ పలికినప్పుడు ఆ ఇంటాయన వార్తలు వినలేదు, పాట వినలేదు, సౌండ్ పెంచి తగ్గించి పెంచి తగ్గించి చూసుకున్నాడు. నేను వరద పాట వేసిన ప్రతిసారీ ఆయన వేళ్ళు గుర్తొస్తాయి.

వరద పాటల మీదే ఒక తప్పు కూడా చేశాను, చెప్పుకోవాలి. బెస్సీ స్మిత్ వరద పాట ఒకటి ఉంది, అదీ 1927 మిసిసిపీ వరద గురించేనని ధీమాగా చెప్పేశాను. చాలాకాలం అందరూ అలాగే అనుకున్నారు లెండి. తర్వాత తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆవిడ పాడింది ఫిబ్రవరిలో, గట్టు తెగింది ఏప్రిల్లో! రాబోయే వరదకి ముందే పాట కట్టదు కదా. 1926 క్రిస్మస్ రోజుల్లో నాష్‌విల్ దగ్గర కంబర్లాండ్ నది పొంగింది, పాట దాని మీదని పరిశోధకులు తేల్చారు. మర్నాటి వారం మొదట్లోనే తప్పు ఒప్పుకున్నాను. చిత్రం ఏమిటంటే నేను సరిగ్గా చెప్పిన వారాల్లో ఎప్పుడూ రానన్ని ఫోన్లు ఆ వారం వచ్చాయి.

2022 జూలై 16, అది శనివారం. ఆ రాత్రి బ్లూస్ వెయ్యలేదు. ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక 17.75 లక్షల క్యూసెక్కులకే ఇస్తారు, ఆ వేళ 25 లక్షలు దాటింది. రాత్రంతా నీటిమట్టం, ఏ లంకకి పడవ ఉంది, ఏ స్కూల్లో అన్నం ఉంది, అవే చదివాం. ఒకాయన ఫోన్ చేసి ఏదైనా ఒక పాట వెయ్యండి, చదువుతుంటే గుండె దడగా ఉంది అన్నారు. వెయ్యలేదు. వేసి ఉండాల్సిందా అని ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

టైము గురించి నాకు పట్టింపు ఎక్కువని స్టేషన్ కుర్రాళ్ళు నవ్వుతారు. నేను నేర్చుకున్నది ఎవరి దగ్గరో చెబుతాను. అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రంలో హెలీనా అని మిసిసిపీ నది ఒడ్డునే ఒక ఊరు. అక్కడి రేడియోలో 1941 నవంబరులో కింగ్ బిస్కట్ టైమ్ అని ఒక ప్రోగ్రాం మొదలైంది. గోధుమపిండి అమ్ముకోవడానికి పెట్టిన ప్రోగ్రామండి అది. సోనీ బాయ్ విలియమ్‌సన్ మౌతార్గాన్ వాయించేవాడు, రాబర్ట్ లాక్‌వుడ్ గిటారు. మధ్యాహ్నం పన్నెండుంబావుకి వచ్చేది, ఎందుకంటే పొలంలో జనం అన్నానికి దిగే వేళ అది. బ్లూస్‌లో పెద్ద పేరున్న బి.బి. కింగ్ చిన్నప్పుడు పొలం నుంచి వచ్చి విన్నది అదే, తర్వాత ఆయనే మెంఫిస్‌లో రేడియోలో చేరి, టానిక్కు ప్రకటనలు పాడి, పాటలు వేసి, ఆ రేడియో పేరు బ్లూస్ బాయ్ అన్నదే కుదించి బి.బి. అయ్యాడు. ఆ హెలీనా ప్రోగ్రాంని 1951 నుంచి సోనీ పేన్ అనే ఆయన నడిపించారు, 2018లో పోయేదాకా. నేను మొదలుపెట్టిన సంవత్సరమే ఆయన పోయారు. అరవయ్యేడేళ్ళు ఒకే కుర్చీ! నేను తొమ్మిదింటికి రెండు నిమిషాల ముందే సౌండ్ పెంచే మీట, ఫేడరు, దాని మీద వేలు పెట్టుకుని కూర్చుంటానంటే తప్పేముంది చెప్పండి.

పాటలు ఎక్కడివి, హక్కులు ఉన్నాయా అని లాయరుగారు ఒకరు అడిగారు. మన చట్టంలో సౌండ్ రికార్డింగు మీద హక్కు విడుదలయ్యాక 60 ఏళ్ళు. పాట కట్టినవాళ్ళ హక్కు వేరే, వాళ్ళు పోయాక 60 ఏళ్ళు. పాటన్ 1934లో పోయాడు, రాబర్ట్ జాన్సన్ అనే ఇంకో బ్లూస్ గాయకుడు 1938లో, ఇరవై ఏడేళ్ళకే, ఇరవై తొమ్మిది పాటలు మిగిల్చి. అందుకని మా స్టేషన్లో పాత సరుకే ఎక్కువ. మిగతావాటికి లైసెన్సు ఉంటేనే వేస్తాం. నా మటుకు నాకు పాతవే ఇష్టం కాబట్టి ఇబ్బంది లేదు.

నాకు ఎక్కువగా ఫోన్లు చేసేది ఎవరో ఊహించండి. చెరువుల కాపలా వాళ్ళు. రాత్రంతా రొయ్యల చెరువు గట్టు మీద పాకలో ఒక్కడే ఉంటాడు, ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి సరుకు తేలిపోతుంది, అందుకని చెవి ఎప్పుడూ ఆ చప్పుడు మీదే. మలికిపురం అవతల నుంచి ఒకాయన ప్రతి వారం "ఆ డుబుక్ డుబుక్ పాట వెయ్యండి మాస్టారూ" అంటారు. షఫుల్ అంటామే, షికాగోవాళ్ళ తూగు నడక, అది. మడ్డీ వాటర్స్ మిసిసిపీలో ట్రాక్టరు తోలుకునేవాడు, 1943లో రైలెక్కి షికాగో పోయాడు, అక్కడ గోలలో వినబడక కరెంటు గిటారు పట్టాడు. ఈయన పాక దగ్గర ఏరియేటరు రెక్కలు కూడా డుబుక్ డుబుక్ అంటాయి, పాటా అదీ కలిసిపోతాయిట. ఒకసారి పాట మధ్యలో "మాస్టారూ, మోటారు తేడాగా పలుకుతోంది, మళ్ళీ చేస్తాను" అని పెట్టేశారు. పాటతో పోల్చి చూసుకుంటే తేడా తెలిసిందట! సోమవారం ఆ స్టార్టరు నా దగ్గరికే రిపేరుకొచ్చింది. ప్రోగ్రాం వల్ల నాకు దక్కిన ఆదాయం అదొక్కటే.

ఇంకో మాట చెప్పాలి, కొందరికి నచ్చకపోవచ్చు. మొన్న ఒకాయన నా ప్రోగ్రాం మెచ్చుకుంటూ, పాపం ఆ నల్లవాళ్ళు తెల్లవాళ్ళ విందుల్లో వాయించి, వెనక గుమ్మం దగ్గర అన్నం తిని పోవాల్సి వచ్చేదట కదండీ, ఎంత అన్యాయం అన్నారు. నిజమే, అన్యాయమే. మరి మనం జాతరకి డప్పులవాళ్ళని పిలుస్తాం, వాళ్ళు లేకపోతే తీర్థం కదలదు, పని అయ్యాక భోజనం ఎక్కడ పెడుతున్నాం? ఆ మాట రేడియోలో అడిగాను. రెండు వారాలు మౌనం. మూడో వారం డప్పు కొట్టే కుర్రాళ్ళు ముగ్గురు స్టేషనుకి వచ్చారు, ఏమీ అనలేదు, ఒక షఫుల్ వెయ్యమని దాని మీద డప్పు వాయించారు. గదిలో మైకులు తట్టుకోలేక సౌండ్ మీటరు సూది ఎర్రగీత దాటిపోయింది. ఆ రికార్డింగు అంతా గరగర. అయినా వేశాను.

సరే, ఆ క్యాసెట్టు. దాని మీద పేరు లేదు. ఎవరి పాటో తెలియడానికి నాకు పదిహేనేళ్ళు పైన పట్టింది, ఊళ్ళోకి ఇంటర్నెట్ వచ్చాక ఒక్కొక్కటే విని పోల్చుకున్నాను. బ్లైండ్ విల్లీ జాన్సన్, 1927లో రికార్డు చేసింది. కళ్ళు లేనాయన, వీధుల్లో దేవుడి పాటలు పాడి బతికాడు. అసలు ఇది దేవుడి పాటే, బ్లూస్ అనకూడదని కొందరు పట్టుబడతారు, వాళ్ళతో నేను దెబ్బలాడను. ఈ పాటని 1977లో వాయేజర్ అనే అంతరిక్ష నౌకలో పెట్టి పంపారు. బంగారు పూత రాగి రికార్డు, మన హిందూస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ గారి భైరవి కూడా అందులోనే ఉంది. నేను రెండు బెల్టులు మార్చి సరిచేద్దామనుకున్న పాట సూర్యమండలం అవతలికి పోయింది. మా గురువుగారు అప్పటికి లేరు, చెప్పుకుందామంటే.

ఇప్పుడు వేస్తాను. మూడు నిమిషాల పైన ఉంటుంది. ఇది క్యాసెట్టు నుంచే ఎక్కించుకున్నది, ఫోనులో ఇంతకన్నా శుభ్రమైనది దొరుకుతుంది, కానీ ఇది వినండి.

(పాట వినిపించారు.)

అంతేనండి. ఎవరైనా ఏమైనా అడుగుతారా? ...ఆ, చెప్పండమ్మా.

(ప్రశ్న: ఆ టేప్ రికార్డరు ఆయన మళ్ళీ వచ్చారా?)

రాలేదమ్మా. రెండుసార్లు మనిషిని పంపాం, మళ్ళీ గల్ఫ్ వెళ్ళిపోయారన్నారు. గురువుగారు పోయాక షాపు నా చేతికొచ్చింది, సామాన్లతో పాటు అదీ వచ్చింది. పై అరలో ఉంది, చీటీ ఇంకా కట్టే ఉంది, ముప్ఫై అయిదు రూపాయలు బాకీ. ఏడాదికోసారి బెల్టు మారుస్తుంటాను, ఊరికే ఉన్నా రబ్బరు ఎండిపోతుంది కదా. ఆయన వాళ్ళెవరైనా వింటుంటే షాపుకొచ్చి పట్టుకెళ్ళమనండి, రసీదు లేకపోయినా ఫర్వాలేదు, డబ్బులూ అక్కర్లేదు. క్యాసెట్టు మాత్రం ఇవ్వను.